ఈలలు, వసకొమ్ము, ఒక జిరాక్సు కాగితం

పదకొండు దాటింది. ఈయన ఇప్పటికే రెండుసార్లు లైటు వంక చూశారు. ఇది రాస్తే గానీ నాకు నిద్ర పట్టదు.

మా స్పీచ్ థెరపీ సెంటర్‌లో జూనియర్ పిల్ల మళ్ళీ ఈల తీసింది. నాలుగేళ్ళ బాబు, ఆటిజం, ఇంకా మాటలు లేవు. వాడి చేత ఈల ఊదించడం, కొవ్వొత్తి ఆర్పించడం, పెదాలకు తేనె రాసి నాకించడం... సగం సెషన్ దానికే పోయింది. నోటికి కసరత్తు చేయిస్తే మాటలొస్తాయనడానికి గట్టి ఆధారం లేదని ఎన్నిసార్లు మొత్తుకున్నాను! వాడికి ఊదడం శుభ్రంగా వచ్చు. కావాల్సింది ఎదుటి మనిషిని అడగొచ్చన్న సంగతే ఇంకా పట్టుబడలేదు. బయట కూర్చున్న నాయనమ్మగారు మాత్రం, "నాలుక మందం మేడమ్, బాగా తిప్పించండి" అంటూ మహా సంతోషంగా ఉన్నారు.

ఆవిణ్ణి చూస్తే అమ్మమ్మ గుర్తొచ్చింది. పిన్ని కొడుక్కి మూడేళ్ళు నిండినా మాటలు లేవని ఇంట్లో పెద్ద బెంగ. అమ్మమ్మ పొద్దున్నే సానరాయి మీద వసకొమ్ము అరగదీసి తేనెలో రంగరించి నాలుకకు రాసేది. వాడు ఉమ్మేసేవాడు, ఆవిడ మళ్ళీ రాసేది. మేమంతా చుట్టూ చేరి "అత్త అను, తాత అను" అని వాడి ప్రాణం తీసేవాళ్ళం. కొన్నాళ్ళకి మాటలొచ్చాయి. ఇప్పుడు ఇన్సూరెన్సు పాలసీలు అమ్ముతాడు, ఆపమన్నా ఆపడు. అంతా వస మహిమే అన్నారు. రాయకపోయినా వచ్చేవేమో అని అడిగినవాళ్ళు లేరు. పక్కింటి పిల్లకీ అమ్మమ్మే అరగదీసి ఇచ్చింది. ఆ పిల్లకి రాలేదు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ చెప్పుకోరు.

మధ్యాహ్నం దాకా జూనియర్ మీద మండుతూనే ఉన్నాను. బాక్సు తెరిచి తింటుంటే మెల్లగా అంది: "అక్కా, మీరిచ్చిన జిరాక్సు చదివాను. మరి వాడు బొమ్మల కార్డు నమిలేస్తుంటే ఏం చెయ్యాలో అందులో లేదు."

నిజమే, లేదు. అది 2006లో మిల్లర్, లైట్, ష్లోసర్ చేసిన సమీక్ష. బొమ్మల కార్డులు, సైగలు అలవాటు చేస్తే పిల్లలు ఇక నోరు తెరవరన్న భయం ఉంది చూడండి, దానికి జవాబు. చూసిన 27 మందిలో 89 శాతానికి మాట పెరిగింది, ఒక్కరికీ తగ్గలేదు. తల్లికి ధైర్యం చెప్పడానికి బంగారం లాంటి కాగితం. మర్నాడు సెషన్‌లో ఏం చెయ్యాలన్నది మాత్రం మనమే వెతుక్కోవాలి. ఎప్పుడు వెతకాలి? ఒక బిడ్డ చెప్పులు విప్పుతుండగానే ఇంకో బిడ్డ లోపలికి వస్తాడు. మా మేనేజ్‌మెంట్ సెషన్లు లెక్కపెడుతుంది, చదువుకునే గంటకి ఖాతాయే లేదు. నెట్‌లో ఇంకో పరిశోధన పేపర్ తెరవబోతే డాలర్లు అడుగుతుంది. అమెరికాలోనే 2008లో వచ్చిన ఒక సర్వేలో 85 శాతం స్పీచ్ థెరపిస్టులు ఉచ్చారణ కోసం ఈ నోటి కసరత్తులు వాడుతున్నామన్నారు. ఇక ఈ పిల్లని అని ఏం లాభం?

అందుకే ఈసారి కాగితం ఇవ్వకుండా గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ చేసిన అధ్యయనం గురించి నోటితోనే చెప్పాను. 2016లో వచ్చింది, ఆటిజం ఉన్న 65 మంది పిల్లలు. స్పెషలిస్టులు కాని ఆరోగ్య కార్యకర్తలే తల్లీబిడ్డల ఆటని వీడియో తీసి, తల్లికే చూపించి మాట్లాడారు. తల్లులు బిడ్డని అనుసరించడం మెరుగైంది, పిల్లలు తమంతట తామే తల్లిని పలకరించే చొరవ పెరిగింది. కలిసి ఒకేదాని మీద దృష్టి పెట్టడం మాత్రం తగ్గింది. అది కూడా దాచకుండా రాశారు, అందుకే నాకు నమ్మకం.

నాలుగింటికి ఆ బాబు తల్లి ఫోన్‌లోనే తీశాం. వీడియోలో ఆవిడ "ఇదేంటి? ఏ కలర్? చెప్పు నాన్నా!" అని ఊపిరి తీసుకోకుండా అడుగుతోంది. చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "వాడికి సందే ఇవ్వట్లేదు కదండీ." మళ్ళీ ఆడినప్పుడు ఊరుకుంది. వాడు బుడగల సీసా తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి మొహంలోకి చూశాడు. జూనియర్ నా మోచెయ్యి గిల్లింది.

వారానికో గంట సెషన్లు లేకుండా ఇమ్మని రేపు అడుగుతాను. ఒక బిడ్డ, ఒక పేపర్, ఇద్దరం కూర్చుని చూసుకుంటాం. జీతంలో కోసుకుంటామంటే మాత్రం ఒప్పుకోను.