డ్రాగన్‌కు కవచం పెంచాలా, ప్రాణం పెంచాలా?
పాచికలు వేస్తూ కలిసి కథ నడిపే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో, మా కథకు ముగింపు పోరాటం గత వారం జరిగింది. ఆట నడిపేది నేనే కనుక, ఎర్ర డ్రాగన్ రక్షణ ఎంత ఉండాలన్నది ముందుగా నేనే తేల్చుకోవలసి వచ్చింది.

2014 నాటి ఐదో ఎడిషన్ నియమాల ప్రకారం అడల్ట్ రెడ్ డ్రాగన్‌కు ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే దాడి లెక్క చేరాల్సిన అంకె, అంటే కవచం) 19, హిట్ పాయింట్లు (ప్రాణం) 256. దాడి పాచికకు 9 కలుపుకునే యోధుడికి ఇరవై ముఖాల పాచికపై 10 పడితే చాలు, అంటే 55 శాతం దెబ్బలు తగులుతాయి. కవచాన్ని 22కు పెంచితే అది 40 శాతానికి పడిపోతుంది. కాగితం మీద ఇది చిన్న తేడాయే గానీ, తన వంతు కోసం అంతసేపు ఎదురుచూసిన ఆటగాడికి పదే పదే ‘తగల్లేదు’ అని చెప్పడం నాకు ఎప్పుడూ ఇష్టం ఉండదు. అందుకే కవచం జోలికి పోకుండా హిట్ పాయింట్లనే పెంచాను. హిట్ పాయింట్ల కోసం పన్నెండు ముఖాల పాచికలు పందొమ్మిదింటిని వేసి, వచ్చిన మొత్తానికి 133 కలపమని నియమాలే చెబుతున్నాయి కనుక, 361 వరకు వెళ్లినా అన్యాయమేమీ కాదు.

అసలు చిక్కు లెజెండరీ రెసిస్టెన్స్‌తోనే వచ్చింది. విఫలమైన సేవింగ్ త్రోను (మంత్రాన్ని తట్టుకోవడానికి వేసే పాచికను) డ్రాగన్ రోజుకు మూడుసార్లు విజయంగా మార్చుకోగలదు, దాంతో మంత్రగాడి మంచి మంత్రం ఉత్తదైపోతుంది. అలా మార్చుకున్న ప్రతిసారీ దాని ఛాతీపై ఒక వరుస పొలుసులు పగిలి రాలినట్టు వర్ణించాను. ఆ లెక్క కళ్లకు కనబడేసరికి బృందమంతా వాటిని రాల్చే పనిలో పడింది. మూడో వరుస రాలిన తర్వాత వేసిన హోల్డ్ మాన్‌స్టర్ మంత్రానికి డ్రాగన్ కొయ్యబారిపోయింది. ఆపై దగ్గరి నుంచి తగిలిన ప్రతి కత్తివేటూ క్రిటికలే, అంటే నష్టం పాచికలు రెట్టింపయ్యే దెబ్బే.