1966 ట్రయంఫ్‌కి దాని పాత నంబరే తెచ్చుకున్నాను: నా అనుభవం

పొద్దున పోస్టులో వీ5సీ వచ్చింది. అంటే ఇక్కడ ఇంగ్లండ్‌లో ఆర్సీ లాంటిది. నా 1966 ట్రయంఫ్ టీఆర్6 ట్రోఫీ మోటార్‌సైకిల్‌కి ఆ రోజుల్లో కోవెంట్రీ కౌన్సిల్ ఇచ్చిన నంబరే, చివర డీ అక్షరంతో సహా, మళ్లీ నా పేరు మీద వచ్చింది. సంతోషంగానే ఉంది. కానీ మధ్యలో ఒక పెద్దమనిషి పెట్టిన క్షోభ ఇంకా కడుపులో మండుతూనే ఉంది కాబట్టి ఆ వేడి చల్లారకముందే రాసేస్తున్నాను. ఇలాంటి పాత బండి కొనాలనుకునే మనవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు, వాళ్లకైనా పనికొస్తుంది.

ముందు బండి గురించి నాలుగు ముక్కలు చెప్పకపోతే నా ప్రాణం ఒప్పుకోదు. ఈ బండి పుట్టిన మెరిడెన్ ఊరు మా ఇంటికి దగ్గరే. 1940 నవంబరులో జర్మన్ విమానాలు కోవెంట్రీ మీద బాంబులేసినప్పుడు ఊళ్లోని ట్రయంఫ్ ఫ్యాక్టరీ నేలమట్టమైతే, 1942లో మెరిడెన్ దగ్గర కొత్తది కట్టారు. యజమానులు మూసేస్తామంటే కార్మికులు గేట్ల దగ్గర కూర్చుని అడ్డుకున్నారు, తర్వాత సహకార సంఘంగా ఏర్పడి 1983 దాకా తామే నడిపారు. ఇప్పుడు ఆ స్థలంలో ఇళ్లున్నాయి, ఒక వీధికి ట్రయంఫ్ వాళ్ల పేరుమోసిన బొనవిల్ మోడల్ పేరే పెట్టారు, బొనవిల్ క్లోజ్ అని. ఎడ్వర్డ్ టర్నర్ 1937లో స్పీడ్ ట్విన్ కోసం తయారుచేసిన రెండు సిలిండర్ల ఇంజిన్ వంశంలోదే నా బండి ఇంజిన్ కూడా, 649 సీసీ. రెండు పిస్టన్లూ కలిసే పైకి లేస్తాయి, కలిసే దిగుతాయి. బొనవిల్‌కి రెండు కార్బొరేటర్లు, టీఆర్6కి ఒక్కటే. అందరూ బొనవిల్ కోసం ఎగబడతారు గానీ, రోజూ నడిపేవాడికి ఒక్క కార్బొరేటర్ బండే మేలు. రెండిటినీ సమంగా ట్యూన్ చేసే తలనొప్పి ఉండదు. దీనిమీద నాతో ఎవరు వాదించినా నేను తగ్గను.

ఇంకోమాట. నేను గుంటూరులో నాన్నగారి బుల్లెట్ మీద బండి నేర్చుకున్నవాణ్ణి. కుడికాలితో గేరు, ఎడమకాలితో బ్రేకు. ఇక్కడ పాత ఇంగ్లిష్ బండ్ల దగ్గరికి వచ్చేసరికి చాలామంది కుర్రాళ్లు కుడివైపు గేరు చూసి బిత్తరపోతారు, నాకు అది అమ్మచేతి ముద్ద. కాకపోతే బుల్లెట్‌లో ఫస్ట్ గేరు పైకి, మిగతావి కిందికి, ట్రయంఫ్‌లో ఫస్ట్ కిందికి, మిగతావి పైకి. అంతే తేడా.

లైసెన్సు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మన ఇండియా లైసెన్సు ఇక్కడ స్థిరపడ్డాక పన్నెండు నెలలే చెల్లుతుంది, తర్వాత ఇక్కడిది తీసుకోవాల్సిందే. సీబీటీ అనే ఒకరోజు ప్రాథమిక శిక్షణ, థియరీ, మాడ్యూల్ 1, మాడ్యూల్ 2 అనే రెండు డ్రైవింగ్ టెస్టులు, అన్నీ మొదటిసారికే పాసయ్యాను. గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో వచ్చి పక్కకు తప్పించి ఆపే టెస్టుకు అందరూ టెన్షన్ పడతారు. మన రోడ్ల మీద గేదెల్నీ షేర్ ఆటోల్నీ తప్పించినవాడికి అది లెక్కలోది కాదు.

బండి ఒక ముసలాయన చనిపోయాక ఆయన ఇంటివాళ్ల దగ్గర కొన్నాను. చాలా ఏళ్లు గ్యారేజీలోనే ఉండిపోయింది. దాంతోపాటు పాత లాగ్‌బుక్కు ఇచ్చారు, గోధుమరంగు అట్ట, లోపల కౌన్సిల్ ముద్రలు, ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు, రంగు నీలం అని చేత్తో రాసి ఉంది. అది చూడగానే నాకు చేతులు వణికాయి, ఎందుకంటే దాని విలువ నాకు తెలుసు. ఒకప్పుడు బండ్ల రికార్డులు ఏ కౌన్సిల్‌వి ఆ కౌన్సిల్ దగ్గర కాగితాల మీద ఉండేవి. డెబ్బైల్లో అన్నీ స్వాన్సీ ఊళ్లోని కేంద్ర లైసెన్సింగ్ ఆఫీసు కంప్యూటర్‌కి మార్చడం మొదలుపెట్టారు, 1983లో గడువు పెట్టారు. అప్పటికి ఎక్కించుకోని బండి నంబర్లన్నీ కంప్యూటర్ దృష్టిలో లేనట్టే. అలాంటి నంబరు మళ్లీ కావాలంటే వీ765 అనే ఫారం ఉంది. ఆ నంబరూ ఆ చాసిస్సూ ఒకదానివొకటేనని పాత కాగితం చూపించాలి, గుర్తింపు ఉన్న పాత బండ్ల క్లబ్బు ఒకటి బండిని చూసి సంతకం పెట్టాలి. అదయ్యాక స్వాన్సీకి పంపితే చాలు. ఇలా వచ్చిన నంబరు బండితోనే ఉంటుంది, విడిగా అమ్ముకోవడానికి వీల్లేదు. అలాగే ఉండాలి కూడా.

స్వాన్సీ నుంచి నాకే ఇబ్బందీ రాలేదు. వచ్చిందంతా ఆ క్లబ్బు మనిషితోనే.

ఈ ట్రయంఫ్‌లకి చాసిస్ నంబరు హ్యాండిల్ కింద, ముందు ఫ్రేము మెడ దగ్గర ఎడమవైపు కొడతారు. ఇంజిన్ నంబరు ఎడమవైపు సిలిండర్ కింద క్రాంక్‌కేస్ మీద ఉంటుంది. రెండూ ఒకటే నంబరు, ముందు టీఆర్6, తర్వాత డీయూ, తర్వాత అంకెలు. నా బండికి ఇంజిన్ నంబరు అద్దంలా కనిపిస్తోంది. ఫ్రేముకి మాత్రం ఆ ముసలాయన ఎప్పుడో నల్లటి పౌడర్ కోటింగ్ చేయించాడు, ప్లాస్టిక్ తొడుగులా దళసరిగా. దాని కింద నంబరు పూడిపోయింది. వేలితో తడిమితే ఎక్కడో ఒకచోట గరుకు తగులుతుంది, అంతే.

నేను ముందే క్లబ్బుకి మెయిల్ పెట్టాను: నంబరు రంగు కింద ఉంది, నేను గీకి బయటకు తీయనా అని. వద్దు, తనిఖీ అయ్యేదాకా ఫ్రేము ముట్టుకోవద్దు, ముట్టుకుంటే అనుమానం వస్తుంది అని జవాబు. సరే అని ముట్టుకోలేదు. వ్యాన్ అద్దెకు తీసుకుని, బండి ఎక్కించి, వాళ్లు చెప్పిన ఆదివారం మీటింగుకి తీసుకెళ్లాను. తనిఖీదారు వచ్చి, వంగి, బొటనవేలితో ఒక్కసారి రుద్ది, "నంబరు లేదు" అన్నాడు. రంగు కింద ఉంది, మీవాళ్లే గీకొద్దన్నారు అన్నాను. ఆ మెయిల్ ప్రింటు కూడా చూపించాను. దాన్ని చదవనైనా లేదు. ఫారంలో చాసిస్ నంబరు కనబడలేదని రాసేశాడు. గీకితే అనుమానం, గీకకపోతే నంబరు లేదు. మరి నేనేం చెయ్యాలి?

అక్కడితో ఆగినా ఊరుకునేవాణ్ణి. చుట్టూ పదిమంది టీ కప్పులు పట్టుకుని నిలబడి ఉండగా, నా మొహం వంక చూసి, ఇది బాంబే బండి కాదు కదా అన్నాడు.

ఈ మాట అర్థం తెలియనివాళ్లకి చెప్తాను. బ్రిటిష్ వాళ్లు మన దేశంలో వదిలేసి వెళ్లిన బీఎస్ఏలూ నార్టన్లూ మన మెకానిక్కులు ముక్కా ముక్కా కలిపి నిలబెట్టి, తళతళా రంగేసి మళ్లీ ఇక్కడికే పంపి అమ్మిన కాలం ఒకటుంది. వాటిలో కొన్నిటికి నంబర్లు మళ్లీ కొట్టినవి ఉన్నాయి, అది నిజమే. జాగ్రత్తపడటంలో తప్పులేదు. కానీ కోవెంట్రీ ముద్ర ఉన్న లాగ్‌బుక్కు, అందులో ఇంగ్లండ్ అడ్రసులు, ఇంజిన్ నంబరు లాగ్‌బుక్కుతో అంకె అంకె సరిపోవడం, అమ్మినవాళ్ల రసీదు, అన్నీ బల్ల మీద పెట్టినా వాటికి లేని విలువ నా ఒంటిరంగుకి వచ్చింది. అడిగింది బండి గురించి కాదు, నా గురించి. రసీదు వెనక్కి తిప్పి చూశాడు, నేను అక్కడే నిలబడి ఉండగా ఎవరికో ఫోన్ చేసి "వాళ్లది" అంటూ మాట్లాడాడు. ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం తినలేదు. మా ఆవిడ "పోనీ వేరే నంబరు తీసుకోండి, ఆ కాలానిదే ఏదో ఒకటి ఇస్తారుగా" అంది. ఇస్తారు, నిజమే, బండి వయసుకు తగ్గ నంబరు ఇస్తారు. కానీ నా బండికి పుట్టినప్పటి పేరు ఉండగా ఇంకో పేరెందుకు?

అసలు నేను ఇక్కడ గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. ఇంగ్లిష్ బండ్లు ఎవరివి? రాయల్ ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ రెడ్డిచ్‌లో 1967లో మూతపడింది, 1955లో మద్రాసులో మొదలైన బుల్లెట్ మాత్రం ఇవాళ్టికీ బతికే ఉంది. ఇవాళ నేను ఆఫీసుకు వెళ్లేది చెన్నైలో చేసిన ఇంటర్‌సెప్టర్ 650 మీద, దాన్ని డిజైన్ చేసింది ఇక్కడ లెస్టర్‌షైర్ ఇంజినీర్లూ అక్కడి ఇంజినీర్లూ కలిసి. 2020లో నార్టన్ దివాలా తీసి నడిరోడ్డు మీద ఉంటే టీవీఎస్ వాళ్లు కొని సోలిహల్‌లో కొత్త ఫ్యాక్టరీ పెట్టారు. బీఎస్ఏ పేరు మహీంద్రా వాళ్ల చేతికి వచ్చాక గోల్డ్ స్టార్ మళ్లీ రోడ్డెక్కింది. ట్రయంఫ్ స్పీడ్ 400 పుణె దగ్గర చాకన్‌లో బజాజ్ ఫ్యాక్టరీలో తయారవుతోంది. హింక్లీలో జాన్ బ్లూర్ ట్రయంఫ్‌ని నిలబెట్టింది ఎంత గొప్ప విషయమో ఇదీ అంతే గొప్ప విషయం. ఈ పేర్లు బతికి ఉండటంలో మన చేతుల చెమట ఉంది. అలాంటిది ఒక ఇండియన్ ట్రయంఫ్ పక్కన నిలబడితే దొంగను చూసినట్టు చూడటమా?

కోపంతో అరిచి లాభం లేదు, కాగితంతోనే కొట్టాలి. క్లబ్బు సెక్రటరీకి ఉత్తరం రాశాను, మెయిల్ కాదు, రిజిస్టర్డ్ పోస్టు. గీకవద్దన్న వాళ్ల జవాబు జతచేశాను. మెరిడెన్ ఫ్యాక్టరీ డిస్పాచ్ పుస్తకాల నుంచి నా ఇంజిన్ నంబరు మీద సర్టిఫికెట్ తెప్పించి అదీ పెట్టాను, బండి ఇంగ్లండ్‌లోని డీలరుకే వెళ్లినట్టు అందులో స్పష్టంగా ఉంది. మీ తనిఖీదారు కళ్లముందే రంగు తీస్తాను, మనిషిని పంపండి అన్నాను. సెక్రటరీ మర్యాదస్తుడు, ఒప్పుకున్నాడు. వచ్చింది మళ్లీ ఆ తనిఖీదారే.

పౌడర్ కోటింగ్ మామూలు పెయింట్ రిమూవర్‌కి లొంగదు. ఘాటైనది, జెల్‌లా ఉండేది కొని, చేతులకు గ్లవుజులేసుకుని, ఆ మెడ భాగానికి మాత్రమే దట్టంగా పూసి, ఆరిపోకుండా పైన పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టాను. కాసేపటికి రంగు బుడగలు బుడగలుగా లేచింది. స్టీలు బ్రష్ పెట్టకూడదు, అంకెలు అరిగిపోతాయి, ఇత్తడి బ్రష్‌తో నెమ్మదిగా రుద్దాను. మొదట టీ నిలువు గీత కనిపించింది. తర్వాత ఆర్. ఆరు అంకె పొట్టలో రంగు ఇరుక్కుంటే టూత్‌పిక్‌తో తీశాను. డీ, యూ, ఆ తర్వాత ఒక్కో అంకె, లాగ్‌బుక్కులో ఉన్న వరసలోనే. ఆయన ఫోన్‌తో ఫొటో తీయబోతే వెలుతురు పడి అంకెలు మెరిసిపోతున్నాయి, సరిగా రాలేదు. అప్పుడు నేను పల్చటి కాగితం ఒకటి దాని మీద పెట్టి, నాలుగు వైపులా టేపు అంటించి, పెన్సిల్ అడ్డంగా పట్టుకుని రుద్దాను. మన ఆర్టీఓ ఆఫీసు బయట ఏజెంట్లు చాసిస్ ప్రింటు తీస్తారే, అచ్చం అలాగే. నల్లటి కాగితం మీద తెల్లగా నంబరంతా దిగింది. ఆయన చేతికిచ్చాను. రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు, సంతకం పెట్టాడు, వెళ్లిపోయాడు. సారీ అన్న ముక్క మాత్రం రాలేదు.

మిగతాదంతా చకచకా అయిపోయింది. నలభై ఏళ్లు దాటిన బండి కాబట్టి రోడ్డు ట్యాక్సు సున్నా, కానీ దరఖాస్తు మాత్రం పెట్టుకోవాలి. ఎంఓటీ, అంటే బండి రోడ్డుకు పనికొస్తుందో లేదో చూసే ఏటేటా తనిఖీ కూడా తప్పనిసరి కాదు, నేను మాత్రం చేయించాను, బ్రేకుల విషయంలో సొంత ధైర్యం పనికిరాదు. నల్ల పలక మీద వెండి అంకెల నంబరు ప్లేటుకి ఆర్డరిచ్చాను, 1980కి ముందు తయారైన హిస్టారిక్ బండ్లకి అది చెల్లుతుంది.

కొనబోయేవాళ్లకి నా మాట: కొత్తగా పౌడర్ కోటింగ్ చేసిన ఫ్రేము చూసి మురిసిపోకండి, నంబరు కనబడకపోతే ముందు అమ్మేవాడి చేతే తీయించండి. పాత లాగ్‌బుక్కు ఉంటే ఫొటోకాపీలే పంపండి, అసలుది అడిగినప్పుడే, అదీ రిజిస్టర్డ్ పోస్టులో. క్లబ్బువాళ్లు నోటితో చెప్పింది నమ్మకండి, ప్రతి మాటా రాతలో తీసుకోండి. ఇంకా, కార్బొరేటర్ మీది చిన్న బటన్ (టిక్లర్) నొక్కి పెట్రోలు వేలికి తడి తగిలాక, క్లచ్ పట్టి ఒకసారి ఉత్తి కిక్ కొట్టి ప్లేట్లు విడదీసి, అప్పుడు అసలు కిక్ కొట్టండి. నా బండి ఎప్పుడూ రెండో కిక్‌కి అందుకుంటుంది.

ఆ మెడ దగ్గర మళ్లీ నల్లరంగు వేయించలేదు. రంగులేని పల్చటి వార్నిష్ పూసి వదిలేశాను, తుప్పు పట్టకుండా, నంబరు కనబడేలా. వచ్చే నెల అదే క్లబ్బు మీటింగుంది, ఈసారి వ్యాన్‌లో కాదు, బండి మీదే వెళ్తున్నాను.