తిత్లీకి ఏ కాలమ్?

“మీ డిస్కంలను, అదే మీ కరెంటు పంపిణీ కంపెనీలను, మన మోడల్‌లో పెడితే నూటికి ముప్పై మార్కులైనా వస్తాయంటావా?” అని అడిగారు మా టీమ్‌లో సీనియర్ ఒకాయన, మొన్న లంచ్ దగ్గర. మన దేశంలో కరెంటు నష్టాల గురించి ఎక్కడో చదివారట. ఎగతాళిగా అనలేదు, తెలుసుకోవాలనే అడిగారు. అయినా నాకు ముద్ద దిగలేదు. నార్వేలోని ఓస్లోకి రాకముందు నేను కోస్తాలో ఒక కరెంటు సెక్షన్ ఆఫీసులో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా పనిచేశాను. ఆ ముప్పై మార్కుల్లో నేనూ ఉన్నాను, నా లైన్‌మన్‌లూ ఉన్నారు.

ఇక్కడ నా ఉద్యోగమే ఈ మార్కులు లెక్కగట్టడం. నార్వేలో కరెంటు పంపిణీ కంపెనీలకు పోటీ లేదు, ఎవరి ప్రాంతం వాళ్లది. అందుకని ఎవరు ఎంత వసూలు చేసుకోవచ్చో నియంత్రణ సంస్థ తేలుస్తుంది. దానికి 1990ల చివరి నుంచీ డేటా ఎన్వలప్‌మెంట్ అనాలిసిస్ (డీఈఏ) వాడుతున్నారు, అంటే ఎవరు ఎంత ఖర్చుతో ఎంత పని చేశారో ఒకరితో ఒకరిని పోల్చి మార్కు వేసే లెక్క. 2007లో కంపెనీ ఆదాయ పరిమితి సగం సొంత ఖర్చును బట్టి, సగం మోడల్ ఒప్పుకున్న ఖర్చును బట్టి ఉండేది. 2023 నుంచి మోడల్ వాటా 70 శాతం. మార్కు తగ్గితే డబ్బు తగ్గినట్టే.

లెక్క ఇలా సాగుతుంది. ఒక పక్క మొత్తం ఖర్చు: జీతాలు, మరమ్మతులు, పెట్టుబడి, లైన్లలో పోయిన కరెంటు, చివరికి సప్లయి ఆగినప్పుడు జనానికి కలిగిన నష్టం కూడా. ఇంకో పక్క చేసిన పని: ఎన్ని కనెక్షన్లు, ఎన్ని కిలోమీటర్ల హైటెన్షన్ లైను, ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్ స్టేషన్లు. ఏ కంపెనీ చేసే పనిని అంతకన్నా తక్కువ ఖర్చులో ఇంకెవరూ చేయలేరో అది అంచున నిలుస్తుంది. మిగతావి ఆ అంచుకు ఎంత దూరంలో ఉన్నాయో చూసి మార్కు వేస్తారు. నాకు అన్నిటికన్నా నచ్చేది, ఏ పనికి ఎంత విలువో ముందుగా ఎవరూ నిర్ణయించకపోవడం. ప్రతి కంపెనీకీ బాగా కలిసొచ్చే తూకాన్ని లెక్కే వెతికి ఇస్తుంది. జనం పలచగా, లైన్లు పొడుగ్గా ఉన్న చోట కిలోమీటర్లకు బరువు ఎక్కువ, పట్నంలో కనెక్షన్లకు. అంత అనుకూలంగా తూచాక కూడా వెనకబడితేనే, మీలాంటి పనిని తక్కువలో చేస్తున్నవాళ్లు వీళ్లు అని పేర్లతో చూపిస్తుంది.

మన దగ్గర నేను కూర్చున్న రివ్యూ మీటింగుల్లో ఈ మర్యాద ఎప్పుడూ చూడలేదు. సెక్షన్లన్నిటికీ ఒకటే జాబితా, అట్టడుగున ఉన్నవాళ్లని లేపి నిలబెట్టడం. నాలుగు వీధుల టౌన్ సెక్షనూ, పడవ దాటి లంకలో ఫ్యూజు వేసి రావాల్సిన సెక్షనూ పక్కపక్కనే. ఎవరితో పోలుస్తున్నారు సార్ అని అడిగే వీలే లేదు.

అలాగని ఈ మోడల్‌ను ఉన్నదున్నట్టు అక్కడికి తీసుకెళ్తే ఒప్పుకోను. డీఈఏకి అంకెలో తప్పుకీ పనిలో అలసత్వానికీ తేడా తెలియదు. అంచుకు దూరమైందంటే అంతా అసమర్థత ఖాతాలోకే. మన దగ్గర వ్యవసాయానికి 2004 నుంచి ఉచిత కరెంటు. మీటరు లేని పంపుసెట్ ఎంత వాడిందో అంచనా వేయాల్సిందే. ఆ అంచనా కాస్త తక్కువైతే చాలు, వరి పండించిన కరెంటు కూడా లాస్ కింద పడిపోతుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా సెక్షన్ నుంచి కూడా గ్యాంగు వెళ్లింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడిచెట్లు లైన్ల మీద కూలి ఉన్నాయి. ట్రాక్టరు దిగబడే పొలాల్లో సిమెంటు స్తంభానికి తాళ్లు కట్టి, అడ్డకర్రలు దూర్చి, మోకాలి లోతు బురదలో భుజాల మీద మోశారు. దాన్ని నా ఎక్సెల్ షీటులో ఎక్కడ రాయాలి? డీజిలు, స్తంభాలు, ఓవర్‌టైం ఖర్చు కింద తప్పకుండా పడతాయి. పని కింద మాత్రం సున్నా. ఒక్క కనెక్షనూ పెరగలేదు, ఒక్క కిలోమీటరు లైనూ పెరగలేదు, పడిపోయింది తిరిగి లేచిందంతే.

నార్వేలో ఇలాంటివి వదిలేయలేదు. మార్కు వచ్చాక కొండలకు, దీవులకు, మంచుకు సవరణలు చేస్తారు. అంచును కూడా ఒక్క ఏడాది అంకెలతో కాక అయిదేళ్ల సగటుతో గీస్తారు. ఉత్తరాన మంచులో స్తంభమెక్కేవాడి కష్టానికి ఒక కాలమ్ ఉన్నప్పుడు మన తుపానుకీ ఉండాలి కదా.

అసలు ఈ పద్ధతి పుట్టిందే ధర కట్టలేని వాటి కోసం. సామర్థ్యాన్ని అంచుతో కొలవడం 1957లో ఫారెల్ అనే ఆర్థికవేత్త మొదలుపెట్టాడు. 1978లో చార్న్స్, కూపర్, రోడ్స్ దాన్ని డీఈఏగా మలిచారు. రోడ్స్ అప్పటికి పరిశోధక విద్యార్థి, అమెరికాలో పేదపిల్లల చదువు కోసం పెట్టిన ఫాలో త్రూ పథకాన్ని అంచనా వేస్తున్నాడు. తల్లి బిడ్డకు చదివి వినిపించిన సమయం, ఆ బిడ్డకు తన మీద తనకు పెరిగిన గౌరవం, ఇలాంటివి ఉన్నాయి ఆ లెక్కలో. వాటికి చోటు దొరికింది, ఉద్దానం బురదకి దొరకదా?

సీనియర్‌తో ఇదంతా చెప్పాను. ఒక ప్రశ్న వేశారు, న్యాయమైనదే: లేపిన స్తంభాలకు మార్కులిస్తే నాసిరకం స్తంభాలు పాతినవాడికే ఎక్కువ వస్తాయి కదా అని. అందుకే గాలి వేగం కూడా పక్కన పెట్టుకోవాలి. ఆ గాలికి మామూలుగా ఎన్ని పడతాయో, ఆ సెక్షన్‌లో ఎన్ని పడ్డాయో తేల్చుకోవాలి.

ఏపీలో ఉన్నవి మూడు డిస్కంలు. మూడింటితో డీఈఏ ఏమీ తేల్చదు, దాదాపు అన్నీ అంచునే నిలబడతాయి. సెక్షన్ ఆఫీసులను యూనిట్లుగా తీసుకుంటే వందల్లో దొరుకుతాయి. కనెక్షన్లు, లైను పొడవు, కోత లేని గంటలు, తుపాను తర్వాత తిరిగి లేపిన స్తంభాలు. ఖాళీ షీటులో ఈ నాలుగు కాలమ్‌లు రాసి పెట్టుకున్నాను. లెక్క కుదరక మొదటి మూడింటిలో ఏదైనా తీసేయాల్సి వస్తే తీసేస్తాను, నాలుగోది మాత్రం తీయను.