ముకావిర్ కొండ మీద యోహాను ప్రశ్న

హోలీ ల్యాండ్ టూర్‌లో జోర్డాన్ అంటే మన తెలుగు గ్రూపులకు లెక్క ఒకటే. అమ్మాన్‌లో దిగడం, నెబో కొండ, యొర్దాను నది, వీలైతే పెట్రా, ఆ తర్వాత బోర్డర్ దాటి యెరూషలేము. యేసుకు ముందు నడిచిన ప్రవక్త, బాప్తిస్మమిచ్చు యోహాను తల తెగిన ముకావిర్ కోట మదబా నుంచి గంట ప్రయాణంలోనే ఉన్నా ఎవరి ప్రోగ్రాంలోనూ కనబడదు. బయల్దేరే ముందే మా ఏజెంటును అడిగాను. "అక్కడ చూడ్డానికి ఏముందండీ, రాళ్ళేగా" అన్నాడు. ఆ మాట నన్ను దారంతా గుచ్చుతూనే ఉంది.

యోహాను బాప్తిస్మమిచ్చిన చోటని చెప్పే, యొర్దాను దగ్గరి అల్ మగ్‌తస్‌లో టికెట్ 12 దీనార్లు. దీనారు మన డబ్బుల్లో వంద దాటుతుంది కాబట్టి గ్రూపులో సగం మంది గొణిగారు. నది మా వైపు పంట కాలువంత కూడా లేదు. అవతలి గట్టు మీద ఇజ్రాయెల్ వైపు నుంచి వచ్చినవాళ్ళు తెల్ల అంగీలతో నీళ్ళలో దిగి పాడుతున్నారు. వాళ్ళ పాట మాకు స్పష్టంగా వినబడుతోంది, కలవడానికి మాత్రం లేదు, మధ్యలో సరిహద్దు. 1994లో ఇరు దేశాలకూ ఒప్పందం కుదిరేదాకా ఇదంతా మందుపాతరల నేల. వాటిని తీశాకే తవ్వకాలు జరిగాయి, 2015లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మావాళ్ళంతా సీసాల్లో నీళ్ళు నింపుకునే పనిలో పడ్డారు.

అక్కడికి దగ్గర్లోనే పాత నిబంధన ప్రవక్త ఏలీయా పేరున్న కొండ. పేరుకు కొండే గానీ చిన్న దిబ్బ. ఏలీయా సుడిగాలిలో ఆకాశానికి ఎక్కిపోయింది ఇక్కడినుంచేనని సంప్రదాయం. గైడు రెండు ముక్కల్లో తేల్చేశాడు గానీ, యోహాను కథకు తాళంచెవి అక్కడే ఉంది. పాత నిబంధన చివరి పుటలో మలాకీ ప్రవక్త ఒక మాట చెప్పి ఆపేస్తాడు: యెహోవా దినం రాకముందు ఏలీయా వస్తాడు అని. జనం ఆ రాకకోసం ఎదురుచూశారు. యోహాను ఏలీయాలాగే నడుముకు తోలుదట్టీ కట్టుకుని, ఒంటెరోమాల బట్ట వేసుకుని, ఏలీయా వెళ్ళిపోయాడని చెప్పుకునే ఈ ప్రాంతంలోనే ప్రకటన మొదలుపెట్టాడు. చూసినవాళ్ళకు వివరించి చెప్పాల్సిన పనే లేదు. "నువ్వు ఏలీయావా?" అంటే కాదన్నాడని నాలుగో సువార్త. ఆ రావలసిన ఏలీయా ఇతనేనని యేసే అన్నాడని మత్తయి. ఈ రెండింటినీ బలవంతంగా కలపనక్కర్లేదని నా అభిప్రాయం. ముందు నడిచేవాడు తన గురించి చెప్పుకోడు, అతనెవరో వెనక వచ్చినవాడే చెప్పాలి.

మర్నాడు గ్రూపంతా మృతసముద్రంలో తేలడానికి వెళ్ళారు. నేను మదబాలో ఉండిపోయి టాక్సీ మాట్లాడుకున్నాను. రానూ పోనూ, వెయిటింగ్‌తో కలిపి 40 దీనార్లు అడిగాడు. బేరమాడితే 35కి దిగాడు. ముప్పై పైచిలుకు కిలోమీటర్లకు అది దోపిడీయే, కానీ ఆ రోడ్డు మీద ఇంకో బండి దొరకదు. డ్రైవరు పెద్దాయన, వచ్చీరాని ఇంగ్లీషు. ముకావిర్ ఎందుకని అడిగాడు. యోహాను కోసం అన్నాను. "నబీ యహ్యా! జకరియ్యా కొడుకు" అని స్టీరింగ్ వదిలేసి రెండు చేతులూ గుండెల మీద పెట్టుకున్నాడు. మలుపు దగ్గర నా ప్రాణం గొంతులోకి వచ్చింది. ఆ తర్వాత ఊరొచ్చేదాకా ఖురాను మర్యమ్ సూరాలోని యహ్యా కథ, అంటే మన యోహాను కథే, వల్లిస్తూనే ఉన్నాడు. ముసలి తండ్రి మొర పెట్టుకోవడం, మూడు రాత్రులు మాట లేకపోవడం. ఆ కథను మా గుంటూరు లూథరన్ గుడిలో ఆగమన కాలపు ఆదివారాల్లో చిన్నప్పటి నుంచీ వింటున్నాను. లూకా చెప్పిన జకర్యా కథను ఎడారి రోడ్డు మీద ఒక ముస్లిం నోట వినడం నాకు చాలా బాగుంది. 35 దీనార్ల మంట కాస్త చల్లారింది.

కొండ చుట్టూ తిరిగే బాట మీద మెల్లగా ఎక్కాను. నీడ లేదు, ఇంకో మనిషి లేడు. పైన తిరిగి నిలబెట్టిన స్తంభాలు, పునాదుల గోడలు, కింద ఎక్కడో మృతసముద్రం. యోహానును చంపించిన పాలకుడు హేరోదు అంతిప కోట ఇది. తవ్వకాల్లో ఇక్కడ శుద్ధిస్నానం చేసే మెట్ల తొట్టి కూడా బయటపడింది. నీళ్ళతో మారుమనస్సు ప్రకటించినవాణ్ణి చంపించినవాడి ఇంట్లో అంత శ్రద్ధగా కట్టుకున్న స్నానపు తొట్టి! చాలాసేపు అదే ఆలోచించాను.

యోహాను చెర ఎక్కడో సువార్తలు చెప్పవు. మాఖెరస్ (ముకావిర్ పాత పేరు) అని పేరు పెట్టి రాసింది యూదు చరిత్రకారుడు జోసీఫస్. అతని రాతలో యోహాను తలను బహుమానంగా అడిగిన సలోమే నాట్యం లేదు, ఆ తల తెచ్చిన పళ్ళెం లేదు. జనం యోహాను మాట ఎంతగా వింటున్నారంటే, తిరుగుబాటు వస్తుందని అంతిప భయపడి ముందే చంపించాడంటాడు. అందులో యోహాను ఎవరికీ ముందు నడిచినవాడు కాడు, తనంతట తానే ఒక బోధకుడు. అతని శిష్యులూ అంత తేలిగ్గా చెదిరిపోలేదు. యోహాను బాప్తిస్మం మాత్రమే తెలిసినవాళ్ళు ఏళ్ళ తర్వాత దూరాన ఎఫెసులో పౌలుకు ఎదురుపడ్డారు. "ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నది" అనే మాట సువార్తలో ఎందుకంత అవసరమైందో ఇక్కడ నిలబడితే అర్థమవుతుంది.

కొండవాలులో గుహలున్నాయి. ఒకదాన్ని యోహాను చెర అని చూపిస్తారు. అవునో కాదో గానీ దాని ముందు కూర్చుని మత్తయి 11 చదివాను. "రాబోవువాడవు నీవేనా?" అని చెరలోనుంచి యోహాను తన శిష్యులతో యేసును అడిగిస్తాడు. వాళ్ళు నడిచి వెళ్ళాల్సిన గలిలయ ఇక్కడికి నూరు కిలోమీటర్ల పైనే. గ్రుడ్డివారికి చూపు, కుంటివారికి నడక, బీదలకు సువార్త అని యేసు జవాబు. నజరేతులో యేసు చదివిన యెషయా మాటల్లో చెరలో ఉన్నవారికి విడుదల కూడా ఉంది. చెరలో ఉన్నవాడికి పంపిన జవాబులో మాత్రం అదొక్కటీ లేదు.

రాత్రి భోజనాల దగ్గర మా పాస్టరుగారితో ఇది అన్నాను. యోహానుకు సందేహమేమీ లేదనీ, శిష్యుల కోసమే అడిగించాడనీ, ప్రాచీన సంఘపు పెద్ద ప్రసంగీకుడు క్రిసోస్టం అంతటివాడు అలాగే చెప్పాడనీ ఆయన వాదన. "అయ్యగారూ, ఆ గుహ చూస్తే మీరలా అనరు" అన్నాను. దారి వేసినవాడు ఆ దారిలో వచ్చేవాణ్ణి చివరిదాకా చూడలేకపోయాడు. అడగడం అతని హక్కు.

జోర్డాన్ ప్రోగ్రాం వేసేవాళ్ళను నేను కోరేది ఒక్క పూట. మృతసముద్రం సాయంత్రానికి జరిపి, ముకావిర్‌కు తెల్లారగానే బయల్దేరండి. నీళ్ళు మదబాలోనే కొనుక్కోండి. టాక్సీ అయితే 35కి ఒక్క దీనారు కూడా ఎక్కువ ఇవ్వకండి.