వుడెన్ కోర్టుకు పైచెక్క చూసి కొటేషన్ ఓకే చేయకండి

మా బావ జడ్చర్ల దగ్గర హైవే పక్క జాగలో ఇండోర్ కోర్టు కడుతున్నాడు. షటిల్ ఒక్కటే కాదు, పిల్లలు బాస్కెట్‌బాల్ కూడా ఆడుకునేంత పెద్ద షెడ్డు. ఫ్లోరింగ్ సంగతి నన్ను చూడమన్నాడు, అప్పటినుంచి శాంపిల్ ముక్కలు, కొటేషన్లు, వేరే ఊళ్ళలో వేసిన కోర్టులు చూస్తూనే ఉన్నా. వచ్చిన ప్రతి ఒక్కరూ పైచెక్క గురించే మాట్లాడారు, మేపుల్ అని, ఓక్ అని, పాలిష్ ఎట్లా మెరుస్తుందో చూడండి అని. అడుగున ఏం వేస్తారన్నది మనం అడిగితేనే చెప్తారు. పిల్లల మోకాళ్ళనూ మడమలనూ కాపాడేది ఆ అడుగే, అందుకే ముందు దాని గురించే రాస్తున్నా.

సిమెంటు మీదో, తాండూరు బండల మీదో చెక్కను నేరుగా అతికిస్తే, ఎంత ఖరీదైన చెక్కైనా ఎగిరి దూకే కాలికి అది బండే. సరైన కోర్టులో బేస్ కాంక్రీటు మీద మందపాటి పాలిథిన్ కవరు, దానిమీద రబ్బరు ప్యాడ్లు, వాటిమీద చెక్క పట్టీలో, నిలువుగా అడ్డంగా వేసిన రెండు వరుసల ప్లైవుడ్డో ఉండి, ఆఖరున హార్డ్‌వుడ్ పైచెక్క వస్తుంది. ఇండోర్ ఆటల ఫ్లోర్లకు ఈఎన్ 14904 అనే యూరప్ ప్రమాణం ఉంది. కాంక్రీటుతో పోలిస్తే కాలికి తగిలే దెబ్బ కనీసం 25 శాతం తగ్గాలని, బంతి మాత్రం కాంక్రీటు మీద ఎగిరే ఎత్తులో 90 శాతమైనా ఎగరాలని అది చెప్తుంది. బాస్కెట్‌బాల్ పెద్ద పోటీల కోర్టులకైతే ఆ ఆట అంతర్జాతీయ సమాఖ్య ఫిబా 50 శాతం తగ్గాలంటుంది. టెస్ట్ రిపోర్టు అడిగినప్పుడు పలక ఒక్కదానిది కాదు, ప్యాడ్లతో సహా మొత్తం సెట్టుది చూపించమనండి.

ఇక సాలిడ్ చెక్కా (అంతా ఒకే ముక్క), ఇంజనీర్డ్ చెక్కా (పొరలు అతికించి చేసింది) అంటే, మన దగ్గర నేను ఇంజనీర్డ్ వైపే. ఏప్రిల్, మే ఎండలకు గాలిలో తేమ ఉండదు, జులైలో ముసురు పట్టిందంటే ఉతికిన బట్టలు కూడా ఆరవు. చెక్క ఈ రెండింటి మధ్య కుంచించుకుపోతూ ఉబ్బుతూ ఉంటుంది. రెండుంపావు అంగుళాల సాలిడ్ మేపుల్ పట్టీ అర మిల్లీమీటరు ఉబ్బితే కంటికి కూడా కనపడదు, కానీ 15 మీటర్ల వెడల్పు హాల్లో అట్లాంటివి 260 వరుసలు దాటుతాయి, అన్నీ కలిపితే 13 సెంటీమీటర్లు. పోవడానికి చోటు లేకపోతే ఫ్లోరు మధ్యలో లేస్తుంది. ఇంజనీర్డ్ పలకలో కింద పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికించి ఉంటాయి, ఒకటి జరగబోతే ఇంకొకటి పట్టుకుంటుంది, అందుకే కదలిక చాలా తక్కువ. అసలే ఉండదని కాదు, గోడల వెంబడి ఖాళీ వదిలి బీడింగ్ కొట్టాల్సిందే.

లామినేట్‌ను కూడా ఇంజనీర్డ్ అని అమ్మేవాళ్ళున్నారు, జాగ్రత్త. అది చెక్కపొడితో చేసిన బోర్డు మీద చెక్క బొమ్మ అచ్చేసిన కాయితం. పలకను అడ్డంగా కోయించి అంచు చూడండి, పైన నిజం చెక్క పొర ఉందా, ఉంటే ఎంత మందం. 3, 4 మిల్లీమీటర్లుంటే ముందుముందు గీతలు పడ్డప్పుడు ఇసుక కాయితం మెషీన్‌తో రుద్ది మళ్ళీ పాలిష్ చేసుకోవచ్చు. ఒక మిల్లీమీటరైతే ఆ అవకాశం లేదు. పొరలను అతికించిన జిగురు తడికి ఆగేదేనా అన్నది కూడా రాయించుకోండి. చదరపు అడుగు రేటు ఒక్కటే రాసి, మందం, జిగురు, ప్యాడ్ ఏవీ రాయని కొటేషన్లను నేను పక్కన పెట్టేస్తున్నా.

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది బేస్. కొత్తగా పోసిన కాంక్రీటు 28 రోజులకు గట్టిపడుతుంది కానీ లోపలి నీళ్ళు ఆరడానికి నెలలు పడుతుంది. మేస్త్రీ కాలితో తట్టి ఆరిందంటే నమ్మొద్దు, తేమ మీటరుతో చూపించమనాలి. చెదల మందు బేస్ పోయకముందే మట్టికి కొట్టించాలి, తర్వాతైతే బేస్‌కు రంధ్రాలు కొట్టి ఎక్కించాల్సి వస్తుంది.

రేకుల షెడ్డు అయితే ఇంకో రెండు చూసుకోవాలి. గాలివానకు జల్లు పక్కలనుంచి లోపలికి కొడుతుంది, చూరు బయటికి దింపించండి. వేసవిలో పెద్ద కూలర్లు పెడదామని చాలామంది అనుకుంటారు. కూలరు తోలేది తడిగాలి, పొద్దంతా అది తాగిన చెక్క రాత్రి మళ్ళీ ఎండుతుంది, రోజూ ఇదే. దానికన్నా రేకుల కింద ఇన్సులేషన్, పైన గాలికి తిరుగుతూ వేడిని బయటికి లాగే టర్బో వెంటిలేటర్లు, పెద్ద ఫ్యాన్లు పెట్టుకోవడం మేలు.

మీది షటిల్ ఒక్కటే అయితే నా సలహా వేరు. కోర్టు 44 అడుగులకు 20 అడుగులు, దానిమీద ఎట్లాగూ మ్యాట్ పరుస్తారు. కనపడని చెక్కకు మేపుల్ డబ్బులు ఎందుకు? మంచి ప్యాడ్లు, నీళ్ళకు ఆగే ప్లైవుడ్ రెండు పొరలు, పైన మ్యాట్, ఇంతే చాలు. మిగిలింది లైటింగ్‌కు పెట్టండి. బాస్కెట్‌బాల్, వాలీబాల్ కూడా ఆడించేవాళ్ళకే పైచెక్క అవసరం.

మా బావకు కూడా అదే చెప్పా: సగం హాలు షటిల్‌కు ప్లైవుడ్, మ్యాట్, సగం ఇంజనీర్డ్ ఓక్. ఇప్పుడు బేస్ ఆరుతోంది. ఈలోపు బయట బూట్లు విప్పే అరుగు కట్టిస్తున్నాం, మా చెల్క మట్టిలోని ఇసుక రేణువులు పాలిష్‌ను గీకేస్తాయి కాబట్టి. ఊడ్చే మనిషికి బకెట్‌తో నీళ్ళు కొట్టి కడగొద్దని, పొడి మాప్ మాత్రమే వాడాలని ముందే చెప్పి పెట్టాం.