అక్క కథ చెబితే తమ్ముడు వంత

పరదేశంలో పెరిగే మన పిల్లలకు బుర్రకథ ఆడిస్తూ తెలుగు నేర్పొచ్చు. బుర్రకథకు మామూలుగా ముగ్గురుండాలి. నడుమ తంబురా, అందెలతో కథకుడు, ఇరుపక్కలా గుమ్మెటలనే డోళ్లతో ఇద్దరు వంతలు. ఒక వంత హాస్యం, ఇంకో వంత లోకం సంగతులు చూసుకుంటారు. ఇంట్లో పిల్లలు ఇద్దరే అయితే ఆ రెండు పనులూ ఒక్క వంతకే అప్పజెప్పొచ్చు.

ఇద్దరిలో తెలుగు తక్కువొచ్చిన వాళ్లకే వంత ఇవ్వండి. "తందాన తాన", "ఔరా", "ఆఁ, అప్పుడేమాయె?" ఇంతే మాటలు. కానీ అవి అదనుకు పడాలంటే కథ చెవిపెట్టి వినాల్సిందే. బట్టీ పట్టిన పిల్ల అర్థం తెలియకపోయినా పాడేస్తుంది. వంతకు ఆ వీలుండదు.

కర్నూలు, కడప ఇళ్లలో కథ కోసం వెతకక్కర్లేదు, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఉన్నాడు. 1846 జులై 10న కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడు, 1847 ఫిబ్రవరి 22న ఆ ఊర్లోనే ఉరి తీశారు. పది నిమిషాలకు ఖజానా ఘట్టం ఒక్కటి చాలు. ఉరి సంగతి మాత్రం దాచొద్దు, చివర ఒక్క వచనంలో చెప్పించండి.

కష్టమంతా చరణం చివర ఉంటుంది. "గుర్రము దిగెనమ్మా" అని అక్క పాడుతుంటే ఆ "మ్మా" మీదే తమ్ముడు "తందాన" అందుకోవాలి, అక్క ఊపిరి పీల్చుకునేది అప్పుడే. చరణం అయ్యేదాకా ఆగితే రెండు దెబ్బలు ఖాళీ పోతాయి. ఆ ఖాళీకి అక్క కంగారుపడి వేగం పెంచుతుంది, మూడో చరణానికి నడక కాస్తా పరుగవుతుంది. అందుకే మొదటి వారం గుమ్మెట ముట్టనీయకండి. నాలుగడుగులు ముందుకు, నాలుగడుగులు వెనక్కు నడుస్తూ ఇద్దరూ చప్పట్లతో పాడాలి.

బయట పెరిగే పిల్లల నోట "గుర్రం" "గురం" అవుతుంది, "కోవెలకుంట్ల"లో "ట్ల" జారిపోతుంది. ఒత్తు మీద దెబ్బ పడేలా పాడిస్తే నాలుక దానంతటదే నిలుస్తుంది. వచనం మాత్రం ఇంటి యాసలోనే ఉండాలి. "యాడికి పోతాండావు రెడ్డీ?" అన్నది పుస్తకాల తెలుగులోకి మారిస్తే ఆ మాటలో మనిషే ఉండడు.

ఊరి నుంచి గుమ్మెట తెచ్చుకునేవాళ్లు ఉడుము తోలుది అసలు కొనొద్దు, ఉడుమును చంపడం నేరం. మేకతోలుది తెచ్చినా విమానాశ్రయంలో ముందుగా చెప్పాలి, కొన్ని దేశాల్లో రానివ్వరు. చలికి, తేమకు తోలు వదులై మోత చచ్చిపోతుంది. హీటరుకు మూరెడు దూరంలో కాసేపు పెడితే బిగుస్తుంది. దానికి ఆనించి పెడితే మాత్రం అంచు దగ్గర చీలుతుంది.

వీడియో కాల్‌లో ఊర్లోని జేజికి (నాయనమ్మకు) వినిపించేటప్పుడు పిల్లలిద్దరూ ఒకే గదిలో ఉండాలి. శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి జేజి చేత తాళం వేయించడం కుదరదు. గుమ్మెట మోతను ఫోనే రొద అనుకొని వినపడకుండా కోసేస్తుంది, ముందే ఆ రొద తగ్గించే సెట్టింగ్ ఆపేయండి. ఊకొట్టే పని జేజిది.