యాసిడ్ అంచనాగా చల్లుతారట

పొద్దున మందుల కొట్టాయన వచ్చి వెళ్ళాడు. నాకింకా చిరాకు తగ్గలేదు. నేపియర్ గడ్డిని పచ్చిగానే గోతిలో గాలి లేకుండా తొక్కి పాతర (సైలేజి) వేస్తున్నామని ఎవరు చెప్పారో, ఫార్మిక్ యాసిడ్ క్యాన్ పట్టుకుని దిగిపోయాడు. "ఇది చల్లకపోతే సైలేజి కుళ్ళిపోద్దండీ" అని ఈయన దగ్గర ఒకటే ఊదర. ఎంత శాతం, టన్నుకెన్ని లీటర్లు అని నేనడిగితే జవాబు మాత్రం ఈయనకే: "అందరూ అంచనాగా కొడుతున్నారు సార్." లేబుల్ సగం ఊడిపోయింది, మూతకి గుడ్డపీలిక చుట్టి ఉంది. మామూలుగా 85 శాతం గాఢతతో అమ్మే సరుకది, ఒంటి మీద పడితే బొబ్బలెక్కుతుంది. చల్లేది సార్ కాదు, నేనూ కూలికొచ్చే పిన్నీ.

మామయ్యది ఒకటే మాట, బెల్లం మడ్డి చాలని. నాదీ అదే పక్షం. టన్నుకు 20, 30 కిలోల మడ్డి నీళ్ళలో కలిపి చల్లితే సూక్ష్మజీవులు ఆ తీపి తిని లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి, గడ్డి నిలవుంటుంది. మొక్కజొన్నకైతే అదీ అక్కర్లేదు.

కానీ సాయంత్రం నుంచి అమ్మే గుర్తొస్తోంది. ఓ తుఫానుకి వరిగడ్డంతా తడిసిపోయింది. నాన్న వామి వేస్తుంటే అమ్మ చాటతో కల్లుప్పు తెచ్చి వరస వరసకీ చల్లింది. తడిచేతికి ఉప్పు అంటుకుంటే విదిలించి మళ్ళీ చల్లేది. "ఉప్పు లేకపోతే బూజే" అనేది. ఆ గడ్డి గేదెలు వేసవి దాకా తిన్నాయి. మరి అమ్మ చేసింది మందు కలపడం కాదా?

అదీగాక, ఫిన్లాండ్‌లో విర్తానెన్ అనే రసాయన శాస్త్రవేత్త పచ్చిగడ్డి మీద ఏకంగా హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలు చల్లించి, పులుపు పెంచి, అంటే పీహెచ్ 4 కిందికి దించి నిలవ చేయించారు. 1945లో నోబెల్ ఇచ్చారు. మనకీ ముసురు పడితే గడ్డి ఆరదు. నేపియర్‌లో తీపి తక్కువ, నీరెక్కువ. అలాగే పాతరేస్తే ముక్కిన వెన్న కంపు కొడుతుంది, గేదె మూతి పెట్టదు. అలాంటప్పుడు యాసిడ్ వద్దని ఎలా అనను? గాలి లేకుండా తొక్కకపోతే మాత్రం ఏ మందూ ఆదుకోదు.

ఎండ కాస్తే కోసిన గడ్డి వడలేదాకా ఆరబెట్టి మడ్డితోనే కానిస్తాం. ముసురు పడితే యాసిడే, కానీ శాతం రాసి, సీలున్న క్యాన్ వేరే కొట్లో కొనాలి. మోచేతుల దాకా గ్లౌజులూ, కళ్ళద్దాలూ లేకుండా పిన్నిని పాతర దగ్గరికి రానివ్వను. ఈయన ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చేశారేమోనని నా అనుమానం. పొద్దున్నే అడగాలి.